టెస్టులన్నీ నార్మల్, మెట్లెక్కితే మాత్రం ఆయాసం: బాలద్ పొగ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

వల్లి_డెన్వర్
అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్త. పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా ఆయన 2004లో గ్రీన్ కార్డు మీద ఉండగానే ఆర్మీలో చేరారు. ఆరేళ్లు చేసి బయటికొచ్చారు. 2007 చివర్లో ఇరాక్ పంపితే బాలద్ బేస్‌లో సప్లై యూనిట్లో 15 నెలలు ఉన్నారు. అక్కడ బేస్ చెత్తంతా ఒక గోతిలో తగలబెట్టేవాళ్లట, ఆ పొగలోనే ఉండేవాళ్లట. ఇప్పుడు 45 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు.

మా ఇంట్లో కింది నుంచి పైకి పద్నాలుగు మెట్లు. బట్టల బుట్ట పట్టుకుని ఎక్కుతూ పదో మెట్టు దగ్గర ఆగుతారు. ఆయాసం వచ్చి ఆగినట్టు కనపడకూడదని జేబులోంచి ఫోన్ తీసి చూస్తారు. ఒకసారి ఆ ఫోన్ తలకిందులుగా ఉంది. రెండేళ్లుగా చూస్తున్నాను, నేనూ చూడనట్టే ఉంటున్నాను.

బలవంతం మీద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఛాతీ ఎక్స్‌రే నార్మల్. ఊపిరి ఊదించే పరీక్ష నార్మల్. గుండె ఎకో నార్మల్. "కాస్త బరువు తగ్గండి, డెన్వర్ ఎత్తులో ఉంది కదా" అని పంపేశారు. మేము ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది, ఎత్తు ఇప్పుడే పెరిగిందా?

మాజీ సైనికుల శాఖ వీఏలో పరిహారానికి క్లెయిమ్ పెడదామంటే కోపం. "నాతో వచ్చినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. నేను కాళ్లూ చేతులతో వచ్చి, ముక్కు కారుతోందని చెయ్యి చాచనా?" అంటారు. ఆ పొగకీ ఈ ఆయాసానికీ నిజంగా సంబంధం ఉందా? నేనే ఊహించుకుంటున్నానా?

బగ్రామ్_బాబాయ్
చెల్లెమ్మా, ఊహ కాదు. నేను మెకానిక్‌ని. 2010లో అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్ బేస్‌లో ఏడాది చేశాను. అంతకుముందు 2008లో రెండు నెలలు అదే బాలద్‌లో ఉన్నాను, బహుశా మీ ఆయనా నేనూ ఒకే లైన్లో నిలబడి అన్నం తిన్నామేమో.

చూడనివాళ్లకి చెప్తే "చెత్త తగలబెట్టారు, అంతే కదా" అంటారు. బాలద్‌లో ఆ గొయ్యి దాదాపు 10 ఎకరాలు. పగలూ రాత్రీ ఆరేది కాదు. రోజుకి 100 టన్నులు పైనే తగలబడేది. పాతిక వేలమంది ఉన్న ఊరనుకోండి, చెత్త ఎత్తుకుపోయే మునిసిపాలిటీ లేదు. తాగే నీళ్లన్నీ ప్లాస్టిక్ సీసాల్లో, తినే పళ్లేలన్నీ థర్మాకోల్. అవీ, బ్యాటరీలు, టైర్లు, పెయింటు డబ్బాలు, కంప్యూటర్లు, ఆసుపత్రి కట్టుగుడ్డలు, అన్నీ అందులోకే. తడిసి అంటుకోకపోతే జేపీ-8 పోసేవాళ్లు. అంటే విమానాలకి పోసే ఇంధనం.

పగలు గాలికి పొగ పైకి లేచేది. రాత్రి గాలి పడిపోయాక నేలనంటుకుని మా రేకు గదుల మధ్యకి పాకేది. పొద్దున లేస్తే దిండు మీద తల పెట్టినంత మేర తెల్లగా, చుట్టూ బూడిదరంగు. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. ఆ దగ్గుకి మేమే పేరు పెట్టుకున్నాం, "ఇరాకీ క్రడ్" అని. మెడిక్ దగ్గరికెళ్తే రెండు మోట్రిన్ నొప్పి బిళ్లలు ఇచ్చి నీళ్లు బాగా తాగమనేవాడు. కాలు విరిగినా అదే మందు లెండి, అది వేరే కథ.

మీ ఆయనకి ఒక్క మాట చెప్పండి. కాళ్లూ చేతులూ బాగుంటే చాలనుకుంటే ఊపిరితిత్తులు ఎవరివట?

శ్వాస_వైద్యుడు
వల్లి గారూ, నేను పల్మనాలజిస్టుని. మీ ఆయన్ని చూడకుండా జబ్బు ఇదని చెప్పను. కానీ "పరీక్ష నార్మల్" అంటే ఏమిటో చెప్పగలను.

ఊదించే పరీక్షని స్పైరోమెట్రీ అంటారు. అది ముఖ్యంగా పెద్ద, మధ్యస్థం గాలిగొట్టాల సంగతి చెబుతుంది. ఊపిరితిత్తుల్లో చెట్టుకి కొమ్మలు చీలినట్టు గొట్టాలు చీలుతూ పోయి, చివర్లో 2 మిల్లీమీటర్ల కన్నా సన్నబడతాయి. అవి వేలకు వేలు. వాటిలో చాలా భాగం పాడయ్యేదాకా ఆ పరీక్ష పట్టుకోలేదు. పొగలోని అతి సన్నటి రేణువులు చేరేది సరిగ్గా అక్కడికే.

2003 జూన్‌లో ఇరాక్‌లోనే మోసుల్ దగ్గర అల్-మిష్రాక్ గంధకం కర్మాగారం తగలబడింది. దాదాపు నెలరోజులు కాలింది. అక్కడి నుంచి వచ్చిన సైనికులు కొందరు కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో రెండు మైళ్ల పరుగు పరీక్ష దాటలేకపోయారు. వెళ్లేముందు హాయిగా పరిగెత్తినవాళ్లే. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వైద్యులు ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన 80 మందిని పరీక్షించారు. 49 మందికి ఊపిరితిత్తి ముక్క తీసి చూస్తే 38 మందిలో కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ కనిపించింది, అంటే సన్న గొట్టాల గోడలు మచ్చకట్టి, లోపలి దారి ఇరుకైపోవడం. 2011లో ప్రచురించారు. ఆ 38 మందికీ ఎక్స్‌రేలు దాదాపు మామూలే. ఊదించే పరీక్షలూ చాలామందికి మామూలే, లేదా మామూలుకి దగ్గర.

అలాగని మీ ఆయనకీ అదే ఉందనుకోవద్దు. ముక్క తీయించుకోవడానికి పరిగెత్తనూ వద్దు, అది చిన్న విషయం కాదు. ముందు చేయించాల్సినవి చాలా ఉన్నాయి. ఊపిరి వదిలిన స్థితిలో తీసే సీటీ అడగండి, గాలి లోపల చిక్కుకుపోతోందా అన్నది అందులో తెలుస్తుంది. మెథాకోలిన్ పరీక్షతో దాగి ఉన్న ఆస్తమా బయటపడుతుంది. సైకిల్ తొక్కిస్తూ ఊపిరి కొలిచే పరీక్ష కూడా ఉంది. స్వరతంతువులు బిగుసుకుపోవడం, నిద్రలో ఊపిరాగడం, రక్తహీనత లాంటివీ తోసిపుచ్చాలి. మీ డెన్వర్‌లోనే నేషనల్ జ్యూయిష్ హెల్త్‌లో యుద్ధం నుంచి వచ్చినవాళ్ల ఊపిరితిత్తుల జబ్బులకి ప్రత్యేక కేంద్రం ఉంది. అంత దగ్గరలో ఉండి వెళ్లకపోతే ఎలా?

డాక్టర్‌కి "ఆయాసం" అని ఊరుకోకండి. ఎక్కడ, ఏ సంవత్సరం, గొయ్యికి ఎంత దూరం, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. మా వాళ్లలో చాలామంది అడగరు. నేనూ మొదట్లో అడిగేవాణ్ణి కాదు.

ఉన్నమాట
నేను చెప్పేది నచ్చకపోవచ్చు. పొగ మంచిదని ఎవరూ అనరు. కానీ 2020లో అమెరికా నేషనల్ అకాడమీస్ నిపుణులు ఈ అధ్యయనాలన్నీ తిరగేసి, దీర్ఘకాలం దగ్గు, పిల్లికూతలు, ఆయాసం లాంటి లక్షణాలకి మాత్రమే పరిమితంగా ఆధారం ఉంది, మిగతా జబ్బుల విషయంలో తేల్చడానికి ఆధారం చాలదు అన్నారు. ఎడారి దుమ్ము, వాహనాల పొగ, సిగరెట్లు, వీటిలోంచి గొయ్యి పొగ ఒక్కదాన్నీ విడదీయడం ఎలా? వల్లి గారూ, మీ ఆయన సిగరెట్లు కాల్చేవారా?

వల్లి_డెన్వర్
అక్కడున్నప్పుడు కాల్చారట, ఏడాది. వచ్చాక మానేశారు. దాచడం ఎందుకు.

రాత్రిడ్యూటీ
వెటరన్ల ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా నర్సుని. ఉన్నమాట గారు చెప్పిన నివేదిక నిజమే. కానీ "ఆధారం చాలదు" అన్నదాన్ని "హాని లేదు" అని చదవకూడదు. ఆధారం ఎందుకు చాలలేదు? ఎవరు ఎంత పొగ పీల్చారో మనిషి మనిషికీ కొలిచినవాళ్లు లేరు కాబట్టి. 2006లోనే బాలద్‌లో పర్యావరణ ఆరోగ్యం చూసే ఎయిర్‌ఫోర్స్ అధికారి ఒకరు, ఈ గొయ్యి అక్కడున్నవాళ్ల ఆరోగ్యానికి తీవ్ర ప్రమాదం అని మెమో రాశారు. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు అది మండుతూనే ఉంది. కొలవని వాళ్లు కొలవలేదు, "లెక్క చూపించు" అని మాత్రం దగ్గేవాణ్ణి అడిగారు. 2022 దాకా ఈ గోతుల పొగ మీద వచ్చిన క్లెయిముల్లో నాలుగింట మూడొంతుల దాకా తిరస్కరించినవే.

ఇదివరకూ చూశాం. వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ అనే, ఆకులు రాల్చే విషం చల్లారు, ఆ యుద్ధం 1975లో ముగిసింది. ఏజెంట్ ఆరెంజ్ చట్టం వచ్చింది 1991లో. అదే 1991లో కువైట్‌లో 600కి పైగా చమురు బావులు తగలబడ్డాయి. చివరి బావి మూతపడేసరికి నవంబరు అయింది. ఆ పొగలో నడిచినవాళ్లు ఇప్పుడు అరవైల్లో పడి నా వార్డులో ఉన్నారు. ఒకాయన మధ్యాహ్నం రెండింటికి ట్రక్కు హెడ్‌లైట్లు వేసుకుని నడిపామని చెప్తాడు, ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నట్టే.

ఈ గోతుల పొగ మీద చివరికి వచ్చిన చట్టం చేసిన పెద్ద పని, రుజువు బరువు సైనికుడి భుజం మీంచి దించడం. 2022 ఆగస్టు 10న సంతకమైంది, పాక్ట్ యాక్ట్ అంటారు. ఒహాయో నేషనల్ గార్డ్ సార్జెంట్ హీత్ రాబిన్సన్ పేరు మీద ఉంది. ఇరాక్ వెళ్లొచ్చాక 39 ఏళ్లకే 2020లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఫలానా దేశంలో ఫలానా కాలంలో పనిచేసి, జాబితాలోని జబ్బు ఉంటే చాలు. "ఆ పొగ వల్లే" అని డాక్టర్ చేత రాయించుకురానక్కర్లేదు. సిగరెట్ కాల్చినా సరే, జాబితాలో జబ్బు జాబితాలోదే.

బగ్రామ్_బాబాయ్
ఆ చట్టం కూడా ఊరికే రాలేదు. 2022 జూన్‌లో సెనేట్‌లో 84-14తో గట్టెక్కింది. చిన్న సవరణ కోసం మళ్లీ వస్తే జులై చివర్లో అందులో కొంతమందే అడ్డం తిరిగారు. మావాళ్లు క్యాపిటల్ మెట్ల మీదే పడుకున్నారు, ఎండకీ వానకీ. కొందరు ఆక్సిజన్ గొట్టాలతో. ఆగస్టు 2న 86-11తో పాసయింది. నేను వెళ్లలేకపోయాను, షాపులో డ్యూటీ. టీవీ కట్టేసి కాసేపు కారులో కూర్చున్నాను.

జగిత్యాల_పోరడు
అన్నలకు, అక్కలకు దండం. నాదొక మాట. మా నాయిన గూడ గదే బాలద్ల ఉండె, 2005 కెల్లి 2009 దాక. సోల్జర్ గాదు, లాండ్రీల. ఏజెంటు కువైట్ అని చెప్పి పైసలు తీస్కున్నడు, ఆడికి పొయినంక ఇరాక్ బార్డర్ దాటిచ్చిండ్రు. అమెరికోల్ల బట్టలు ఉతికిండు నాలుగేండ్లు. బట్టల బూడిద ఎంత దులిపినా పోతుండకపోయేదట. ఆయన దోస్తులు ఇద్దరు ఆ గుంతకాడనే పని, కట్టె పట్టుకొని చెత్తను మండనిచ్చుడే నౌకరి. మాస్కు లేదు ఏం లేదు, మూతికి తువ్వాల.

నాయినకు పదేండ్ల సంది దగ్గు. టీబీ అని మందులు మింగిచ్చిండ్రు, తెమడల టీబీ రాలే. ఇప్పుడు రాత్రి పండుకోడు, కూసునే నిద్ర. మీ చట్టంల మా నాయిన అసొంటోల్లు ఉన్నరా?

బగ్రామ్_బాబాయ్
తమ్ముడూ, మీ నాన్నలాంటి వాళ్లు ఉతికిన యూనిఫాం నేనూ వేసుకున్నాను. ఆ సంచీల మీద నంబర్లు రాసే ఒకాయన నా పేరు చూసి "తెలుగోడివా?" అన్నాడు. అంతే, ఆ రెండు నెలలు నా సంచీ ఒకరోజు ముందే వచ్చేది. పాక్ట్ యాక్ట్‌లో వాళ్లు లేరు. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

రాత్రిడ్యూటీ
పోరడు గారూ, ఆగండి, వేరే దారి ఉంది. డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 నాటి చట్టం. విదేశాల్లో అమెరికా సైనిక కాంట్రాక్టుల కింద పనిచేసిన కూలీలకి వర్తిస్తుంది, ఏ దేశస్తులైనా సరే, సబ్‌కాంట్రాక్టరు కింద చేసినా సరే. చూసేది అమెరికా కార్మిక శాఖ. పని వల్ల నెమ్మదిగా వచ్చే జబ్బులకి, జబ్బుకీ పనికీ సంబంధం ఉందని తెలిసిన దగ్గర్నుంచి రెండేళ్ల గడువు. ఆ "తెలిసిన రోజు" ఏదన్న దగ్గరే కంపెనీ బీమావాళ్లు పేచీ పెడతారు. అందుకని నాన్నగారి పాత గుర్తింపు కార్డు, జీతం చీటీ, అక్కడ దిగిన ఫోటో, ఏది దొరికితే అది తీసి పెట్టండి. ఊపిరితిత్తుల డాక్టర్ రాతపూర్వకంగా ఏం రాశారో, ఏ తేదీన రాశారో అది ముఖ్యం. ఆ పని తెలిసిన లాయర్‌తోనే మాట్లాడండి. ఇక్కడ మన పోస్టుల్లో తేలే మాట కాదు.

జగిత్యాల_పోరడు
కార్డు ఉన్నదక్కా. నాయిన బీరువల పెట్టిండు, మా అక్క లగ్గం ఫోటోల కింద. మెల్లో ఏసుకునే తాడు గూడ ఉన్నది దానికి.

వల్లి_డెన్వర్
ఇవన్నీ నిన్న రాత్రి ఆయనకి చదివి వినిపించాను. లాండ్రీ మాట దగ్గర తలెత్తారు. "బట్టలు మడతపెట్టే ఒక ముసలాయన నన్ను బాబూ అని పిలిచేవాడు" అన్నారు. పదిహేనేళ్ల కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

రాత్రిడ్యూటీ గారూ, ఆయాసం జాబితాలో ఉందా?

రాత్రిడ్యూటీ
ఆయాసం జబ్బు పేరు కాదండీ, లక్షణం. సర్వీసు తర్వాత తేలిన ఆస్తమా, సీఓపీడీ, దీర్ఘకాలిక బ్రాంకైటిస్, డాక్టర్ గారు చెప్పిన సన్నగొట్టాల జబ్బు, పల్మనరీ ఫైబ్రోసిస్, సార్కాయిడోసిస్ ఇవి ఉన్నాయి. క్యాన్సర్లు చాలా ఉన్నాయి, మెదడు, కిడ్నీ, పాంక్రియాస్, లింఫోమా, మెలనోమా వగైరా. 2025 జనవరిలో లుకేమియాలు, మల్టిపుల్ మైలోమా, మూత్రాశయం క్యాన్సర్ కూడా కలిపారు. ఇంకా దీర్ఘకాలిక సైనసైటిస్, రైనైటిస్.

వల్లి_డెన్వర్
ఆగండాగండి. సైనసైటిసా? ఆయన పొద్దున లేవగానే మొదటి పని ముక్కులో ఉప్పునీళ్లు పోసి కడుక్కోవడం. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మా పిల్లాడు చిన్నప్పుడు అందరి నాన్నలూ అలాగే చేస్తారనుకునేవాడు. ఏడాదికి మూడుసార్లన్నా యాంటీబయాటిక్స్. అది మామూలు ముక్కు దిబ్బడ కాదా?

బగ్రామ్_బాబాయ్
చెల్లెమ్మా!! మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. "ముక్కు కారుతోందని చెయ్యి చాచనా" అన్నాడట మహానుభావుడు. చాచమనండి. ఆ ముక్కే జాబితాలో ఉంది.

ఊపిరితిత్తుల సంగతి తేలేసరికి నెలలు పడుతుంది, అంతదాకా ఆగొద్దు. ముందు "ఇంటెంట్ టు ఫైల్" పెట్టేయమనండి, అంటే క్లెయిమ్ పెట్టబోతున్నానని వీఏకి ముందే చెప్పడం, పది నిమిషాల పని. ఆ తేదీ గుర్తుండిపోతుంది, పూర్తి క్లెయిమ్‌కి ఏడాది టైముంటుంది. డీడీ-214, అదే ఆర్మీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కాగితం, చేతిలో ఉంచుకోండి. అమెరికన్ లీజియన్, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో వీఏ గుర్తింపు ఉన్న ప్రతినిధులు ఉంటారు, వాళ్లు పైసా తీసుకోరు. ఫోన్ చేసి "మీకు వచ్చేదాంట్లో ఇంత ఇవ్వండి, మేం ఇప్పిస్తాం" అనేవాళ్ల ఫోను పెట్టేయండి.

ఇంకోటి. క్లెయిమ్ పెట్టాక వీఏ పంపే పరీక్షకి వెళ్లినప్పుడు నేను చేసిన వెధవపని ఆయన చెయ్యకూడదు. నన్నొక ప్రైవేటు క్లినిక్‌కి పంపారు. ఆవిడ కంప్యూటర్ చూస్తూనే "ఎలా ఉన్నారు?" అంది. నేను అలవాటుగా "బాగానే ఉన్నానండీ" అన్నాను. అదే రాసుకుంది! పదకొండు నిమిషాల్లో బయటికొచ్చాను. ఆ రెండు మాటలు సరిదిద్దుకోడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఉన్నమాట
పోనీ, ఒప్పుకుంటాను, చట్టం వేరు, శాస్త్రం వేరు. కానీ ముక్కు దిబ్బడకి కూడా జీవితాంతం డబ్బంటే నాకు కొంచెం ఇబ్బందే.

రాత్రిడ్యూటీ
వైకల్యం పది శాతం అని తేలిస్తే 2025లో నెలకి 175 డాలర్ల చిల్లర. ధనవంతులెవరూ కారు. అసలు సంగతి అది కాదండీ. ఒకసారి సర్వీసు వల్ల అని రాతలో పడితే, సున్నా శాతం ఇచ్చినా, ఆ జబ్బుకి వైద్యం ఉచితం. రేపు ముదిరితే పెంచమని అడగొచ్చు. జాబితాలో జబ్బుతో మనిషి పోతే భార్యకి నెలనెలా వచ్చే భృతికి దారి ఉంటుంది. నేను చూసినవాళ్లలో చాలామంది క్యాన్సర్ నాలుగో దశలో ఫారాలు నింపారు. సంతకం పెట్టడానికి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఉన్నమాట
సరే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

శ్వాస_వైద్యుడు
వల్లి గారూ, ముక్కూ ఊపిరితిత్తులూ వేరు వేరు ఇళ్లు కావు, ఒకే దారి. పైన అంత వాపు ఉంటే కింద కూడా చూడాల్సిందే. సైనస్ సీటీ, ముక్కు డాక్టర్ చేత ఎండోస్కోపీ చేయించండి. ఇంకా, వీఏలో పేరున్న ప్రతివాళ్లకీ విషపదార్థాల స్క్రీనింగ్ చెయ్యాలని ఆ చట్టంలోనే ఉంది, అయిదేళ్లకొకసారైనా. కొద్ది నిమిషాల ప్రశ్నలు. అది అడిగి మరీ చేయించుకోండి.

వల్లి_డెన్వర్
ఆరు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

ఇంటెంట్ టు ఫైల్ పెట్టారు. ఆయనే పెట్టారు, నేను పక్కన నిలబడ్డానంతే. స్క్రీనింగ్ అయింది. సైనస్ సీటీలో రెండువైపులా దీర్ఘకాలిక సైనసైటిస్ అని వచ్చింది. మెథాకోలిన్ పరీక్షలో ఆస్తమా బయటపడింది, ఇన్‌హేలర్ మొదలుపెట్టారు. ఊపిరి వదిలి తీసే సీటీకి వచ్చే నెల తేదీ ఇచ్చారు. దాని గురించి ఇప్పుడు ఏమీ అనుకోవట్లేదు.

లీజియన్ ప్రతినిధి పెద్దాయన, వియత్నాం మనిషి. ఇంట్లోవాళ్లు చూసింది చూసినట్టు ఒక వాంగ్మూలం రాసివ్వచ్చని చెప్పారు. "భార్య రాసింది మేలు, ఈయన రాస్తే అన్నీ బాగున్నాయనే రాస్తాడు" అన్నారు. నేను ఒక పేజీ రాశాను. ఉప్పునీళ్లు, యాంటీబయాటిక్స్, మెట్లు, ఫోన్. పంపేముందు ఆయన చదవాలి కదా, భయపడుతూ బల్ల మీద పెట్టాను.

చాలాసేపు చదివారు. పెన్ను తీసుకున్నారు. కొట్టేస్తారేమో అనుకున్నాను. "పదో మెట్టు దగ్గర ఆగుతారు" అన్నచోట పదిని కొట్టేసి తొమ్మిది అని దిద్ది, కాగితం నాకిచ్చి, బుట్ట తీసుకుని పైకెళ్లారు.